మలంచా మేడ మీద ఆగిన లెక్క

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నాకొక పేరుండేది, ఎవరినీ ఊరికే నమ్మడని. ప్రోగ్రాములు రాసేవాడికి అది పొగడ్తే. యంత్రం చెప్పిందీ నమ్మకూడదు, వాడేవాడు చెప్పిందీ నమ్మకూడదు, రెండోసారి చూసుకోవాలి. ఆ అలవాటు వల్ల నేను పట్టుకున్న తప్పులు చాలానే ఉన్నాయి, కానీ వాటిని చెప్పుకోవడానికి ఈ కాగితాలు ముందేసుకోలేదు. ఆ అలవాటు వల్లే నేను చేసిన తప్పు ఒకటుంది. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న మీకు అదే ఎక్కువ పనికొస్తుందనిపించింది.

ఖరగ్‌పూర్‌లో మలంచా రోడ్డు మీద, ఒక మందుల షాపు పైన మేడలో మా కంప్యూటింగ్ కేంద్రం ఉండేది. పెద్ద లెక్కలు చేయించుకునేవాళ్ళకి యంత్రాలు అద్దెకిచ్చేవాళ్ళం. వంతెనలు డిజైన్ చేసే ఇంజనీర్లు వచ్చేవారు, హిజ్లీ వైపున్న కాలేజీ నుంచి సైకిళ్ళ మీద పరిశోధక విద్యార్థులు వచ్చేవారు. ఒక్కో లెక్క పది రోజులు, ఇరవై రోజులు ఆగకుండా నడవాలి. ఆ యంత్రాల ఆపరేటింగ్ సిస్టమ్ బాధ్యత నాది. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని జీతం తీసుకున్న మొదటివాణ్ణి నేనే. ఆ సంగతి నేను ఎప్పుడూ మరిచిపోలేదు, పక్కవాళ్ళని కూడా మరిచిపోనివ్వలేదు.

ఎండాకాలం వచ్చిందంటే సాయంత్రాలు కాలబైశాఖి గాలివానలు మొదలయ్యేవి. ఆకాశం నల్లబడడం, రేకులు లేచిపోవడం, కరెంటు పోవడం అన్నీ పది నిమిషాల్లో. మా బ్యాటరీలు యంత్రాలను ఇరవై నిమిషాలు నడిపేవి. ఆ తర్వాత యంత్రాలు పడుకునేవి. పద్దెనిమిది రోజులుగా నడుస్తున్న లెక్క పందొమ్మిదో రోజున చచ్చిపోతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఒక ఇంజనీరు అయితే మా మెట్ల మీదే కూర్చుని తల పట్టుకున్నాడు.

అప్పుడు మేనేజరుగారు అడిగారు. కరెంటు పోబోతోందని బ్యాటరీ సంకేతం ఇవ్వగానే, నడుస్తున్న ప్రోగ్రామును ఉన్నపళంగా ఆపి, దాని మెమొరీ అంతా, అది ఏ వరుస దగ్గరుందో, ఏ ఫైళ్ళు తెరిచి ఉన్నాయో అంతా డిస్కులో దాచెయ్యాలి. కరెంటు వచ్చాక ఆగిన చోటి నుంచే నిలబెట్టాలి. తాను ఆగినట్టు ప్రోగ్రాముకే తెలియకూడదు. ఇది బయటి నుంచి చేసే పని కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి భాగంలో, కెర్నల్‌లో చేతులు పెట్టాలి. నాకు అంతకన్నా సంతోషం ఇంకేముంటుంది!

నాతో పాటు ఈ పనికి ఒకమ్మాయిని ఇచ్చారు. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పై నాలుగేళ్ళావిడ. ఝపటాపూర్‌లో వాళ్ళ నాన్నది కిరాణా కొట్టు, కోస్తా నుంచి వచ్చి మూడు తరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబం. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగించే ఉద్యోగం ఆవిడది. బెంగాలీ వాళ్ళలా, అన్న అనే అర్థంలో, నన్ను దాదా అనేది. మేమిద్దరం తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళం, అదీ ఆఫీసు తెలుగు కాదు, మా ఇళ్ళలో తెలుగు.

నాలుగు నెలలు కష్టపడ్డాం. ఒక మధ్యాహ్నం ఆవిడ రాసిన భాగం చదువుతూ నేను ఒక లైను కొట్టేశాను. దాచే ముందు ప్రాసెసర్‌లోని దశాంశ లెక్కల రిజిస్టర్లను, అంటే చేస్తున్న లెక్క తాలూకు అంకెలుండే అరలను, మెమొరీలోకి దించమని చెప్పే లైను అది.

"ఏటి దాదా, ఆ లైను కొట్టేసినారు?" అంది.

"అక్కర్లేదమ్మా. ప్రోగ్రాము ఆగినప్పుడే కెర్నల్ ఆ పని సేసేస్తాది. మళ్ళీ మనం సెప్పడం దేనికి?"

"సేసేస్తాదని సూసినారా, అనుకున్నారా?"

నేను నవ్వేశాను. ఆ ప్రశ్న ఎవరైనా కుర్రాడు నా ముందు మూడోవాణ్ణి అడిగితే మెచ్చుకుని ఉండేవాణ్ణి. నన్నే అడిగేసరికి నచ్చలేదు.

"పాతికేళ్ళ నుంచి సూస్తన్నాను," అన్నాను.

 తర్వాతి వారం ఆవిడ, వాడుకలో పెట్టే ముందు ఇంకో నెల పరీక్షిద్దామని మేనేజరుగారి ముందే అంది. నాలుగైదు లెక్కలు ఒకేసారి నడుపుతూ అన్నిటినీ ఆపి నిలబెట్టి చూశానని, ఒక్క అంకె కూడా తేడా రాలేదని నేను చెప్పాను. నా మాటే నెగ్గింది. మొదటి గాలివానకి ఏడు లెక్కలు దాచాం, ఏడూ లేచి నడిచాయి. మేనేజరుగారు రసగుల్లాలు తెప్పించారు. వాడేవాళ్ళందరికీ పంపిన ఉత్తరంలో నా పనిని మెచ్చుకుంటూ రెండు వాక్యాలు రాశారు. ఆవిడ ప్రస్తావన అందులో లేదు. నేను గమనించాను, కానీ సరిచేయించలేదు.

నెలన్నర గడిచాక ఒక విద్యార్థి వచ్చాడు. మేదినీపూర్ వైపు బెంగాలీ కుర్రవాడు, పీహెచ్‌డీ చేస్తున్నాడు. రైలు పట్టాలో వెంట్రుకంత పగులు బరువుల కింద ఎలా పాకుతుందో అతని లెక్క. దాని కోసమే ఒక పాత యంత్రాన్ని విడిగా ఇచ్చాం. అందులో ఒకటే ప్రాసెసర్, అతని ప్రోగ్రాము తప్ప ఇంకేదీ నడవదు. అదే ప్రోగ్రామును అవే అంకెలతో రెండుసార్లు నడిపితే రెండు జవాబులు వచ్చాయట. తేడా గోరంత. కానీ పగులు విషయంలో గోరంత అంటే చాలా ఎక్కువ. మధ్యలో అంకెలు మార్చావా అని అతని గైడు అడిగారట. ఆ సంగతి చెబుతున్నప్పుడు అతని చెవులు ఎర్రబడ్డాయి.

నా మొదటి అనుమానం అతని మీదే. ఎవరు ఏమన్నా వాడేవాడి తప్పే ముందు వెతకడం మా వృత్తిలో పాత జబ్బు. అతని ఫైళ్ళన్నీ తిరగేశాను, ఏమీ దొరకలేదు. మళ్ళీ నడిపించాం. మళ్ళీ గాలివాన, మళ్ళీ దాచడం, మళ్ళీ నిలబెట్టడం, మళ్ళీ ఇంకో జవాబు. మిగతా లెక్కలన్నీ బంగారంలా నడుస్తున్నాయి. ఒక్కడిదే చెడుతోంది. తప్పు కోడ్‌లో ఉంటే అందరిదీ చెడాలి కదా? ఒక్కడిదే చెడుతోందంటే ఎవరో చెడగొడుతున్నట్టే. నాకు అది ఎంత సూటిగా కనిపించిందంటే, ఇంకో దారి ఉందేమోనన్న ఆలోచనే రాలేదు.

ఆ యంత్రంలోకి ఎవరెవరు వెళ్ళారో చూశాను. విద్యార్థి, నేను, ఆవిడ. మూడు గాలివానల తర్వాత మూడుసార్లూ, అతని లెక్కను తిరిగి నిలబెట్టిన అరగంటలోపు ఆవిడ లాగిన్ అయింది. ఆవిడకి ఆ యంత్రంలో చేయాల్సిన పని ఏదీ లేదు.

ఒక్కసారి అలా అనుకున్నాక అన్నీ అతికినట్టు కుదిరాయి. నేను లైను కొట్టేశాను. నెల ఆగమంటే ఆగలేదు. ఉత్తరంలో ఆవిడ ఊసు లేదు. నా పని చెడిందని నిరూపిస్తే ఆవిడ మాట నిజమవుతుంది. నేను గదిలోకి వస్తే తెర మీద కిటికీ మూసేసేది. ఒకసారి మూసేస్తుండగా అడిగాను.

"ఏటి సేస్తన్నావు?"

"ఏటీ లేదు దాదా. ఊరికే సూస్తన్నాను."

ఆ ఊరికే అన్న మాటను నేను ఇంటికి మోసుకెళ్ళాను.

మర్నాటి నుంచి ఆవిడ మీద నిఘా పెట్టాను. ఆవిడ ఏ గంటకు ఏ యంత్రంలోకి వెళ్ళింది, ఎంతసేపుంది, ఏ ఫైలు కాపీ చేసింది అన్నీ నాకు ఒక రహస్య ఫైలులో చేరేలా చిన్న ప్రోగ్రాము రాశాను. యంత్రానికి యజమాని హక్కులు, అంటే ఎవరి ఫైళ్ళైనా తెరవగల హక్కులు, నావి కాబట్టి ఆవిడకి తెలిసే అవకాశం లేదు. మూడు వారాలకి పదకొండు పేజీలైంది. అందులో ఒకటి మరీ ఘాటుగా ఉంది. విద్యార్థి ప్రోగ్రామును దాచిన ప్రతిసారీ ఆ దాచిన ఫైలును ఆవిడ తన డైరెక్టరీలోకి కాపీ చేసుకుంది.

పదకొండు పేజీలూ జతచేసి మేనేజరుగారికి రహస్యంగా నోటు ఇచ్చాను. ఆయన చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. రేపు మూడు గంటలకి ఆవిడని పిలుస్తానన్నారు, విద్యార్థిని కూడా. కాంట్రాక్టు ఆ నెలాఖరుకే ముగుస్తోంది.

ఆ సాయంత్రం టీ తాగుతూ మా ఆవిడకి చెప్పాను. ఆమెదీ రైల్వే కుటుంబమే. వర్క్‌షాపులో ఎవరి మీద ఎవరు చాడీ చెప్పారో వింటూ పెరిగిన మనిషి.

"ఆయమ్మ ఏటి సెప్పింది?" అంది.

"ఎవులు?"

"అదే, మీరు రాసీసినారు కదా, ఆ పిల్ల. ఎందుకెల్లినావని అడిగితే ఏటి సెప్పింది?"

"అడగలేదు. అడిగితే నిజం సెప్తాదేటి?"

"అడక్కుండానే అబద్ధం సెప్తాదని ఎలా తెలిసిపోనాదండీ మీకు?"

విసుక్కుని లేచిపోయాను. కానీ మాట గుచ్చుకుంది. మీటింగులో ఆవిడ ఏ అబద్ధం చెప్పినా పట్టుకోవడానికి ఇంకో సాక్ష్యం ఉంటే మంచిదని, మర్నాడు పొద్దున్న తొమ్మిదికల్లా ఆఫీసుకి వెళ్ళి ఆవిడ డైరెక్టరీ తెరిచాను. గమనించండి, అడగడానికి కాదు, ఇంకా గట్టిగా ఇరికించడానికే వెళ్ళాను.

అక్కడ చిన్న ప్రోగ్రాము ఒకటుంది, నలభై లైన్లు. దశాంశ రిజిస్టర్లలో ముందు ఒక అంకె పెడుతుంది, దాని మీద ఇంకో అంకె పెడుతుంది, ఊరుకుంటుంది. ఈలోగా దాన్ని ఆపి, దాచి, తిరిగి నిలబెట్టాలి. లేచాక తన రిజిస్టర్లో ఏ అంకె ఉందో చూసి చెబుతుంది. పక్కనే ఫలితాల ఫైలు. యంత్రంలో వేరే లెక్కలున్నప్పుడు కొత్త అంకె, కొత్త అంకె, కొత్త అంకె. యంత్రంలో ఇదొక్కటే ఉన్నప్పుడు పాత అంకె, పాత అంకె, పాత అంకె.

 చదువుతూనే అంతా అర్థమైపోయింది.

సంగతి ఇది. మేము వాడిన కెర్నల్ సమయం ఆదా చెయ్యడానికి ఒక పొదుపు చేసేది. ప్రోగ్రాము ఆగిన ప్రతిసారీ ఆ రిజిస్టర్లను మెమొరీలోకి దించేది కాదు. ఇంకో ప్రోగ్రాము వచ్చి ఆ రిజిస్టర్లు కావాలని అడిగినప్పుడే దించేది. నేను దాచింది మెమొరీలో ఉన్న కాపీని. పక్కన వేరే లెక్కలుంటే అవి అడుగుతాయి, అసలు విలువలు మెమొరీలోకి దిగుతాయి, నా కాపీ సరిగ్గా ఉంటుంది. యంత్రంలో ఒంటరిగా నడిచే లెక్కకి అడిగేవాళ్ళెవరూ లేరు. అసలు విలువలు ప్రాసెసర్‌లోనే ఉండిపోతాయి, నేను మాత్రం పాతవి దాస్తాను. అందుకే అతనిదొక్కటే చెడింది. అందుకే నా పరీక్షల్లో ఏమీ కనిపించలేదు, నేనెప్పుడూ నాలుగైదు కలిపే పరీక్షించాను. నేను కొట్టేసిన లైను సరిగ్గా ఈ పనే చేసేది.

ఆవిడ ఆ యంత్రంలోకి ఎందుకు వెళ్ళిందో కూడా తెలిసింది. దాచిన ఫైళ్ళను నిలబెట్టిన వాటితో పోల్చి చూసుకోవడానికి. నాకెందుకు చెప్పలేదు? ఒకసారి చెప్పింది కదా. పాతికేళ్ళ నుంచి చూస్తున్నానన్నాను కదా. ఈసారి రుజువు చేతిలో పెట్టుకునే నా ముందుకు రావాలనుకుంది.

ఇప్పుడు సిగ్గు విడిచి ఇంకో విషయం రాస్తున్నాను. ఆ లైను తిరిగి పెట్టడానికి నాకు నిమిషం పట్టదు. పెట్టేస్తే జబ్బు పోతుంది. ఆవిడ ఉద్యోగమూ పోతుంది. ఆవిడ వెళ్ళాక జవాబులు సరిగ్గా వస్తుంటే, చూశారా నేను చెప్పలేదా అని అందరూ అంటారు. ఆ ఆలోచన నాకు వచ్చింది. కుర్చీలో కూర్చుని దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను కూడా. ఎంతసేపంటే, కింద మందుల షాపు షట్టరు ఎత్తిన చప్పుడుకి ఉలిక్కిపడి లేచేంతసేపు.

మూడు గంటలకి మేనేజరుగారి గదిలో ఆవిడ ముందే కూర్చుని ఉంది, ఒళ్ళో బ్యాగు. విద్యార్థి గోడ పక్కన నిలబడ్డాడు. మేనేజరుగారు పదకొండు పేజీల మీద చెయ్యి వేసి మొదలుపెట్టబోతుంటే నేను అడ్డుపడ్డాను.

"తప్పు నాది. కోడ్‌లో ఉంది. ఈవిడ ఏమీ చెడగొట్టలేదు. తప్పు ఎక్కడుందో వెతుకుతోంది, కనిపెట్టింది కూడా. నేను ఇచ్చిన నోటు వాపసు తీసుకుంటున్నాను," అని హిందీలో చెప్పాను.

 ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు తెలుసు, నేను వేరేవాళ్ళ వైపు నవ్వే నవ్వే అది.

"నిన్న ఇంత పెద్ద నోటు రాశారు. ఇవాళ పొద్దున్నకి తప్పు మీదైపోయింది. మీరూ తెలుగు, ఆవిడా తెలుగు. ఇంట్లో ఎవరో ఏదో చెప్పి ఉంటారు, మనసు కరిగింది. ఠీక్ హై దాదా, నాకు అర్థమైంది. కానీ ఇది ఆఫీసు."

నిజం చెబుతున్నవాడి మాట నమ్మకపోతే ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది.  ఆవిడ అప్పటిదాకా ఏ నోటు గురించి మాట్లాడుతున్నామో తెలియక మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"నోటేటి దాదా?" అని తెలుగులో నన్నడిగింది.

 మేనేజరుగారు పేజీలు ఆవిడ వైపు తిప్పారు. మొదటి పేజీ మీద ఆవిడ పేరు నేను రాసిందే, నా చేతిరాతే.

ఆవిడ పేజీ తిప్పలేదు. లేచి నిలబడి బెంగాలీలో మేనేజరుగారితో అంది, "యంత్రం దగ్గరికి రండి. ఆయన్నీ నమ్మక్కర్లేదు, నన్నూ నమ్మక్కర్లేదు."

నలుగురం యంత్రాల గదిలోకి వెళ్ళాం. ఆవిడ కీబోర్డు ముట్టుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడి చెబుతుంటే విద్యార్థి టైప్ చేశాడు. పాత యంత్రంలో తన లెక్కను ఆపి ఆ చిన్న ప్రోగ్రామును ఒంటరిగా నడిపాడు. ఆపాడు, దాచాడు, నిలబెట్టాడు. పాత అంకె. మళ్ళీ, పాత అంకె. పక్కన ఇంకో లెక్కను నడిపించి చేస్తే కొత్త అంకె వచ్చింది. మేనేజరుగారు వంగి తానే రెండుసార్లు చేసి చూశారు. అప్పుడు నేను కొట్టేసిన లైనును తిరిగి పెట్టి, కెర్నల్‌ను కొత్తగా తయారుచేసి, యంత్రం ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. గంట పట్టింది. ఆ గంటసేపు ఎవరూ టీ కూడా అడగలేదు. లేచాక ఇరవైసార్లు చేశాం. ఇరవైసార్లూ కొత్త అంకే.

మేనేజరుగారు నోటు చింపలేదు. మడిచి జేబులో పెట్టుకుని, "వాడేవాళ్ళందరికీ ఉత్తరం మీరే రాయండి, సంతకం మీదే పెట్టండి," అని వెళ్ళిపోయారు. రాశాను. ఏ యంత్రంలోనైనా ఒంటరిగా నడుస్తుండగా మధ్యలో దాచి నిలబెట్టిన ప్రతి లెక్కనూ మళ్ళీ చేయించుకోమని చెప్పాను. విద్యార్థి గైడుకి విడిగా ఇంకో ఉత్తరం రాశాను. అతని సిద్ధాంత వ్యాసం ఒక వర్షాకాలం వెనక్కి పోయింది. ఉత్తరం తీసుకుంటూ అతనన్న మాట: "నేనే ఎప్పుడో ఏమరుపాటున అంకెలు మార్చి మర్చిపోయానేమో అనుకున్నాను సార్. నెల రోజులు నన్ను నేనే నమ్మలేదు." అతనికి క్షమాపణ చెప్పాను. పర్వాలేదన్నాడు. పర్వాలేదన్నట్టు అతని మొహం లేదు.

ఆవిడ రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"ఆ పదకొండు పేజీలు నాకియ్యండి."

ఇచ్చాను. నా ముందే కూర్చుని మొత్తం చదివింది. ఒకచోట ఆగింది. "ఈ దినం నేను సిస్టమ్ దగ్గర లేను. మా నాన్నకి ఒంట్లో బాగోకపోతే కొట్టుకాడ కూకున్నాను. లాగిన్ వదిలీసి ఎల్లిపోనాను. నాలుగు గంటలు ఏటో సేసినానని రాసినారు," అంది. కోపంగా కూడా అనలేదు.

"తప్పయిపోనాదమ్మా," అన్నాను. నా వయసుకి, నా కుర్చీకి ఆ మాట నోట్లోంచి ఎంత కష్టం మీద వచ్చిందో దాచను.

"తప్పని తెలుస్తంది దాదా. మళ్ళీ అవకుండా ఏటి సేస్తారు?"

ప్రోగ్రామర్ అడగాల్సిన ప్రశ్నే అడిగింది. జవాబు కూడా ఆవిడే తెచ్చింది. ఒక లావుపాటి రిజిస్టరు కొనుక్కొచ్చింది. యజమాని హక్కులతో ఇంకొకరి డైరెక్టరీ తెరిచినవాళ్ళెవరైనా అందులో రాయాలి. ఎవరు తెరిచారు, ఎవరిది, ఎప్పుడు, కారణం. ఎవరిది తెరిచారో వాళ్ళు చదివి సంతకం పెట్టాలి. రిజిస్టరు అందరికీ కనిపించేలా యంత్రాల గది గుమ్మం దగ్గర ఉంటుంది. మేనేజరుగారు ఒప్పుకున్నారు. గీతలు గీసి మొదటి పేజీ నా ముందుకు తోసింది.

నా పేరు రాశాను. ఆవిడ పేరు రాశాను. తేదీ వేశాను. కారణం అన్న గడిలో, నిజాయితీగా ఉన్నానని కాస్త గర్వంగానే, అనుమానం అని రాసి సంతకానికి ఆవిడకి ఇచ్చాను.

ఆవిడ చదివి పెన్ను మూసేసింది.

"ఇది కారణం కాదు దాదా. ఈ గడిలో కారణం రాయాల."

 రాసింది కొట్టేసి, దాని కింద చోటు చాలక చిన్న అక్షరాలతో రాశాను: కారణం లేదు.

అప్పుడు సంతకం పెట్టింది.